పాదంతో పలికే ఫజ్ – 3వ పాఠం: రాగిరేకు మీద అడుగు

గత రెండు పాఠాల్లో ఫజ్ శబ్దం, అంటే గిటారు స్వరానికి వచ్చే బొంగురుతనం, ఎలా పుడుతుందో, గిటారు వాల్యూమ్ నాబ్‌తోనే దాన్ని ఎలా అదుపు చేయవచ్చో చూశాం. 1961లో నాష్‌విల్‌లోని ఒక స్టూడియోలో మిక్సింగ్ బోర్డు చెడిపోయి పుట్టిన బొంగురు మోత, 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్‌గా (గిటారుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య నేల మీద పెట్టే చిన్న పెట్టె) అంగళ్లకు ఎలా వచ్చిందో కూడా చెప్పుకున్నాం. ఈ వారం పెడల్ మీదికి కాలు తీసుకువద్దాం. తొక్కడానికి కాదు, తాకకుండా ఆడించడానికి.

మన దగ్గరున్నది ఫజ్ ప్రోబ్ అనే పెడల్. అమెరికాలోని మినియాపొలిస్‌కు చెందిన జీవెక్స్ సంస్థ తయారుచేసింది. మామూలు నాబ్‌లతో పాటు దీని మీద ఒక రాగిరేకు ఉంటుంది. రాగిరేకు అనగానే తిరుపతిలో ఎవరికైనా అన్నమయ్యే గుర్తుకొస్తాడు. ఆయన సంకీర్తనలు వందల ఏళ్లు తిరుమల ఆలయంలో రాగిరేకుల మీదే భద్రంగా నిలిచాయి. మొదటిసారి ఈ పెడల్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు నా వేలు తెలియకుండానే ఆ రేకు మీద అక్షరాల కోసం వెతికింది. దాని మీద ఏమీ లేదు, నున్నగా ఉంది. దానికి మన పాదం ఎంత దూరంలో ఉందన్నదే అక్కడి రాత.

దీని మూలం తెరమిన్. 1920 ప్రాంతంలో లెవ్ తెర్మెన్ అనే రష్యన్ శాస్త్రవేత్త కనిపెట్టిన వాద్యం అది. లోహపు కడ్డీ దగ్గర గాలిలో చేతులు కదిపితే స్వరం పలుకుతుంది. మన శరీరం గుండా విద్యుత్తు ప్రవహించగలదు కాబట్టి, లోహం దగ్గరికి చేతిని తెచ్చినా పాదాన్ని తెచ్చినా ఆ రెండూ కలిసి ఒక చిన్న కెపాసిటర్‌లా (విద్యుదావేశాన్ని నిలవచేసే భాగంలా) పనిచేస్తాయి. దూరం తగ్గేకొద్దీ దాని విలువ పెరుగుతుంది. పెడల్ లోపలి సర్క్యూట్ ఆ మార్పును పసిగట్టి, ఎవరో నాబ్ తిప్పినట్టుగా ఫజ్‌ను మారుస్తుంది.

ఇక్కడ ఒక కీలకం ఉంది. దీన్ని అర్థం చేసుకుంటే సగం పాఠం వచ్చినట్టే. ఆ మార్పు దూరంతో పాటు సమానంగా రాదు. పాదం జానెడు ఎత్తు నుంచి బెత్తెడు ఎత్తుకు దిగేలోపు దాదాపు ఏమీ జరగదు. బెత్తెడు నుంచి అంగుళానికి వచ్చేటప్పుడు శబ్దం కదలడం మొదలవుతుంది. ఆఖరి అంగుళంలో మాత్రం గింజంత కదలికకే ఫజ్ తలకిందులైపోతుంది. కొత్తవాళ్లు పై జానెడులో కాలు ఊపి, ఏమీ రావడం లేదని విసుగుపడి ఒక్కసారిగా కిందికి దించుతారు. పెడల్ కీచుమంటుంది. తప్పు పెడల్‌ది కాదు. సంగీతమంతా ఆ ఆఖరి అంగుళంలోనే ఉంది, వాళ్లు దాన్ని ఒక్క దూకులో దాటేశారు.

సాధనకు ముందు ఆంప్లిఫయర్ ఎర్తింగ్ చూసుకోండి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గిటారు తీగలు కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఇంట్లో ప్లగ్గు మూడో పిన్ను (ఎర్త్) వట్టిదైతే, ఉత్తకాళ్లతో నేల మీద నిలబడి తీగ ముట్టుకున్నప్పుడు షాక్ కొట్టే ప్రమాదం ఉంది. పాత అద్దె గదుల్లో ఉంటున్నవాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి చూపించుకోండి. ఆ తర్వాతే గిటారు చేతపట్టండి.

గిటారు నుంచి వచ్చే కేబుల్ నేరుగా ఈ పెడల్‌లోకే వెళ్లాలి, మధ్యలో ఇంకేమీ వద్దు. పెడల్ వాల్యూమ్ బాగా తగ్గించండి, ఇది వేసే ఈల చెవులకు మంచిది కాదు. గేట్ నాబ్‌ను కుడికి తిప్పితే వాయించనప్పుడు నిశ్శబ్దం, ఎడమకు తిప్పితే ఆగని ఈల. ఈరోజు మనకు ఈల కావాలి కాబట్టి కొద్దిగా ఎడమకు. ఫజ్ తీవ్రతను మార్చే డ్రైవ్ నాబ్‌ను సగంలో ఉంచండి. పెడల్‌ను నేల మీదే పెట్టండి. ఇనుప బీరువా పక్కనో, ఇనుప బల్ల మీదో పెడితే ఆ లోహం కూడా లెక్కలోకి వచ్చి రేకు స్పందన మారిపోతుంది.

మొదటి సాధనలో అసలు కదలికే లేదు. మడమను నేలకు ఆనించండి, రేకు వేళ్ల కింద ఉండాలి. మోకాలు ఎత్తి కాలంతా గాలిలో ఆడించవద్దు, తొడ కండరానికి అంత సున్నితం చేతకాదు. చీలమండ ఒక్కటే తలుపు బందులా పనిచేయాలి. ఎడమ అరచేతిని తీగల మీద పరిచి ఉంచి, వేళ్లను నెమ్మదిగా దించుతూ ఈల మారడం మొదలైన చోట ఆగిపోండి. అక్కడే ఎనిమిది లెక్కపెట్టేంతసేపు ఉండండి. ఈల వణుకుతూ ఉంటే అది మీ పాదం వణుకు, చెవికి వినబడుతున్నది. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి, మళ్లీ దిగివచ్చినవాళ్లకు ఈ స్థితి తెలుసు. దిగేటప్పుడు పాదం మెట్టును తాకబోయే ముందు ఒక్క క్షణం, బరువు పడకుండా, మెట్టు ఎక్కడుందో వెతుకుతుంది. ఆ క్షణాన్ని ఎనిమిది అక్షరాల (తాళం లెక్కల) పొడవుకు సాగదీయడమే ఈ సాధన. మూడు రోజులు ఇదే చేయండి.

చేతిని తీగల మీద ఎందుకు ఉంచమన్నానంటే, తీగను తాకినప్పుడు మీ శరీరం పెడల్ గ్రౌండ్‌తో కలుస్తుంది, రేకు స్పందన గట్టిగా ఉంటుంది. చేయి తీసేస్తే పాదం అక్కడే ఉన్నా ఈల పక్కకు జారుతుంది. ఒకసారి తీసి, మళ్లీ పెట్టి వినండి. వాయిస్తూ వాయిస్తూ చేతులెత్తేసేవాళ్లకు శబ్దం ఎందుకు తప్పిపోతుందో అప్పుడు తెలుస్తుంది.

రెండో సాధనకు మెట్రోనోమ్‌ను (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ఐదో తీగను ఖాళీగా మీటండి. ఆది తాళం ఎనిమిది అక్షరాలు తీసుకుందాం. మొదటి నాలుగింటిలో పాదం దిగాలి, తర్వాతి రెండింటిలో నిలవాలి, చివరి రెండింటిలో లేవాలి. దిగడం కంటే లేవడం రెండింతలు వేగం, అక్కడే చాలామంది తడబడతారు. నాబ్‌ల అమరికను బట్టి ఈల పైకి పోవచ్చు, కిందికి జారవచ్చు. ఏది జరిగినా పాదం లెక్క అదే.

అది కుదిరాక అసలు ఆనందం మొదలవుతుంది. ఆ ఖాళీ తీగనే షడ్జమం అనుకోండి. తీగ మోగుతుండగా పాదాన్ని దించుతూ, ఈల కూడా షడ్జమం మీదికి వచ్చేదాకా వెతకండి. దగ్గరపడుతున్నప్పుడు రెండు శబ్దాల మధ్య ఒక అలల కొట్టుకోలు వినబడుతుంది. మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా, ఆపైన మాయమవుతుంది. మాయమైన చోట ఊపిరి బిగబట్టి నిలవండి. తంబురా శ్రుతి చేసేవాళ్లు వినేది ఆ అలలనే. షడ్జమం దొరికాక పంచమం. గోవిందరాజస్వామి గుడి వైపు వెళ్లినప్పుడు నాదస్వరం వింటే, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి విద్వాంసుడు ఎలా జారుతున్నాడో గమనించండి. ఆ జారును పాదంతో తేవచ్చు. నాకు ఈ పెడల్ మీద ఇంత మమకారం అందుకే. మెట్లున్న (ఫ్రెట్లున్న) గిటారుకు ఇది మెట్లు లేని గొంతు ఇస్తుంది.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి ఫజ్‌లలో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటిలో లీకయ్యే కరెంటు దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో తిరుపతిలో నలభై దాటిన మధ్యాహ్నం, పై అంతస్తు గదిలో పొద్దున కుదిర్చిన అమరిక పనికిరాదు. నా దగ్గర నేర్చుకునే బైరాగిపట్టెడ కుర్రవాడొకడు పెడల్ పాడైందని కంగారుపడుతూ తెచ్చాడు. కాసేపు ఫ్యాను కింద పెట్టి, సాయంత్రం వాయిస్తే మామూలుగానే పలికింది. వేసవిలో తెల్లవారుజామున సాధన చేయండి, పెడల్‌ను ఎండలో నిలిపిన కారులో వదలవద్దు.

అదే కుర్రవాడు కాలేజీ వేదిక మీద ఇంకో చిక్కులో పడ్డాడు. ఇంట్లో చెప్పులు బయట విడిచి ఉత్తకాళ్లతో సాధన చేశాడు, వేదిక మీద మందపాటి బూట్లు వేసుకున్నాడు. అర అంగుళం రబ్బరు అడుగు ఆఖరి అంగుళంలో సగాన్ని మింగేసింది. వేదిక మీద ఏది వేసుకుంటారో, వారంలో రెండు రోజులైనా దానితోనే సాధన చేయండి.

వచ్చే పాఠానికి షడ్జమం, పంచమం రెండూ కళ్లు మూసుకుని పట్టగలగాలి. పెడల్ పక్కన సుద్దముక్కతో మడమ గుర్తు పెట్టుకోండి, రోజూ అక్కడే ఆనించండి. ఆ గుర్తు చూడకుండా మడమ దానంతట అదే చేరిన రోజున, మోహన రాగంలో ఐదు స్వరాలు మొదలుపెడదాం.