మూడు పిన్‌కోడ్లతో పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడదీయడం ఎలా?

పెద్ద సంఖ్య కనిపించగానే క్యాలిక్యులేటర్ అందుకుని, తోచిన అంకెతోనల్లా భాగిస్తూ పోవడం చాలామందికి అలవాటు. ముందుగా సంఖ్యను నిదానంగా చూడడం నేర్చుకుంటే సగం పని కాగితం మీదే అయిపోతుంది. హైదరాబాదులో ఉత్తరాల మీద రోజూ రాసే పిన్‌కోడ్లనే ఇందుకు ఉదాహరణలుగా తీసుకుందాం.

మొదట ఖైరతాబాద్, 500004. చివరి రెండంకెలు 04 కనుక 4 దీనిని నిశ్శేషంగా భాగిస్తుంది. చివరి మూడంకెలు 004 కనుక 8 భాగించదు. అంకెల మొత్తం 9 కాబట్టి 9 కూడా భాగిస్తుంది. 36తో భాగిస్తే 13889 వస్తుంది. దాని అంకెల మొత్తం 29 కనుక 3 పని ముగిసినట్టే. 5, 7, 11, 13 కుదరవు. 17తో భాగిస్తే 817 వస్తుంది. ఇక్కడ మళ్లీ 2 నుంచి మొదలుపెట్టేవారు ఉన్నారు, అది వృథా శ్రమ. 17 నుంచే కొనసాగించాలి. 17 కుదరదు, 19తో 43 వస్తుంది. అంటే 500004 = 2² × 3² × 17 × 19 × 43. ఘాతాంకాలు ఒక్కొక్కదానికి 1 కలిపి గుణిస్తే, 3 × 3 × 2 × 2 × 2, మొత్తం 72 కారణాంకాలు. ఆరంకెల సంఖ్యకు ఇది పెద్ద సంసారమే!

అబిడ్స్ జీపీవో పిన్‌కోడ్ 500001 ఇంత సులభంగా లొంగదు. అంకెల మొత్తం 6 కనుక 3తో ఒక్కసారి భాగించగా 166667 మిగులుతుంది. ఇక ఎంతవరకు ప్రయత్నించాలి? ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైతే వాటిలో ఒకటైనా వర్గమూలాన్ని మించదు. 408 వర్గం 166464, 409 వర్గం 167281 కాబట్టి 401 వరకు ఉన్న 79 ప్రధాన సంఖ్యలు చాలు. 2, 3, 5లను చూపుతోనే తోసిపుచ్చవచ్చు, మిగిలిన 76 భాగహారాలూ చేయవలసిందే. 167 దగ్గర 166666 వరకు వచ్చి, శేషం 1 మిగిల్చి ఊరిస్తుంది. చివరి వరకు ఏదీ భాగించదు కనుక 166667 ప్రధాన సంఖ్య. ఆ శేషాలన్నింటినీ వరుసగా రాసి ఉంచుకోండి.

ఎందుకంటే ఉస్మానియా విశ్వవిద్యాలయం పిన్‌కోడ్ 500007ను 3తో భాగిస్తే 166669 వస్తుంది, అంటే ఇందాకటి సంఖ్య కంటే 2 ఎక్కువ. అదే వర్గమూలం హద్దు, అవే భాజకాలు. కాబట్టి కొత్తగా భాగహారాలు అక్కరలేదు. పాత పట్టికలో ఏ శేషమైనా తన భాజకం కంటే సరిగ్గా 2 తక్కువగా ఉందేమో చూస్తే సరిపోతుంది. అలాంటిది ఒక్కటీ లేదు. కనుక 166667, 166669 కవల ప్రధాన సంఖ్యలు, అంటే మధ్య తేడా 2 మాత్రమే ఉన్న ప్రధాన సంఖ్యల జంట.

3, 5 జంటను మినహాయిస్తే, కవలల మధ్య సంఖ్యను 6 ఎప్పుడూ భాగిస్తుంది: అది సరి సంఖ్య, పైగా వరుసగా వచ్చే మూడు సంఖ్యల్లో 3 గుణిజం తప్పక ఉండాలి కనుక ఆ వంతు దానిదే. ఇక్కడ ఆ మధ్య సంఖ్య 166668. దాన్ని 3తో గుణించి చూడండి, ఖైరతాబాద్ వస్తుంది.