ఔట్‌సోర్సింగ్‌పై ఆంక్ష వచ్చిందా? ముందు షెడ్యూలు తెరవండి

ఉద్యోగాలు బయటికి పోతున్నాయన్న గోల లేచినప్పుడల్లా ఎక్కడో ఒక దేశంలో ఔట్‌సోర్సింగ్‌ను కట్టడి చేసే బిల్లు వస్తుంది. వెంటనే ఎగుమతిదారుల సంఘాలు "ఇది డబ్ల్యూటీఓ నిబంధనలకు విరుద్ధం" అని ప్రకటన ఇచ్చేస్తాయి. విరుద్ధమో కాదో తేల్చాల్సింది ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) సేవల ఒప్పందమైన గాట్స్ కింద ఆ దేశం దాఖలు చేసిన షెడ్యూలు, అంటే ఏ సేవలకు ఏ మేరకు మార్కెట్ తెరుస్తుందో చెప్పే హామీల జాబితా.

ముందుగా, ఆంక్ష ఎవరి కొనుగోళ్లపై? ప్రభుత్వం సొంత అవసరాలకు కొనే సేవలైతే గాట్స్ 13వ అధికరణం వాటిని మార్కెట్ ప్రవేశం, నేషనల్ ట్రీట్‌మెంట్ (విదేశీ సంస్థలను స్వదేశీ సంస్థలతో సమానంగా చూడటం), ఎంఎఫ్‌ఎన్ (సభ్య దేశాలన్నిటినీ సమానంగా చూడటం) బాధ్యతల నుంచి తప్పించింది. అప్పుడు చూడాల్సింది ప్రభుత్వ సేకరణ ఒప్పందం. అదీ చేరిన దేశాలకే, జాబితాలోని శాఖలకే, నిర్ణీత విలువ దాటిన టెండర్లకే వర్తిస్తుంది.

ప్రైవేటు కంపెనీలపై ఆంక్ష అయితే సేవకు సీపీసీ (ఐక్యరాజ్యసమితి ఉత్పత్తులు, సేవల వర్గీకరణ) కోడ్ వెతకండి. డేటా ప్రాసెసింగ్ 843, అకౌంటింగ్ 862. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: పద్దులు రాసే పని కంప్యూటర్‌లో జరిగినంత మాత్రాన 843 కిందికి రాదు. పని స్వభావమే కోడ్‌ను నిర్ణయిస్తుంది.

తర్వాత షెడ్యూలులో ఆ కోడ్ ఉన్న వరుసలో మోడ్ 1, అంటే సరిహద్దు దాటి అందే సేవ. మార్కెట్ ప్రవేశం, నేషనల్ ట్రీట్‌మెంట్ రెండు గడులూ చదవండి. 'నన్' అని ఉంటే పరిమితులేవీ లేవు. 'అన్‌బౌండ్' అంటే ఏ హామీ లేదు, ఆంక్ష పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లు వీటిని తలకిందులుగా చదువుతారు. మోడ్ 3లో, అంటే విదేశీ సంస్థను అక్కడే కంపెనీ పెట్టుకోనిచ్చి, మోడ్ 1ని అన్‌బౌండ్‌గా వదిలేసిన వరుసలూ ఉంటాయి. షెడ్యూలు మొదట్లో అన్ని రంగాలకూ వర్తించే పరిమితులను మరవొద్దు.

'నన్' ఉన్నచోట పూర్తి నిషేధం నిలవడం కష్టం. సరిహద్దు దాటి వచ్చే జూదం సేవలను అమెరికా నిషేధించిన కేసులో 2005లో డబ్ల్యూటీఓ అప్పీలు సంఘం అలాంటి నిషేధాన్ని సున్నా కోటాగానే, అంటే మార్కెట్ ప్రవేశంపై పరిమితిగానే లెక్కగట్టింది. విదేశీ చెల్లింపులపై పన్ను అయితే దారి వేరు: నేషనల్ ట్రీట్‌మెంట్ గడి చూడాలి, ప్రత్యక్ష పన్నులకు గాట్స్ 14వ అధికరణంలో ఉన్న మినహాయింపునూ చూడాలి. వ్యక్తిగత సమాచార రక్షణ పేరు చెప్పే ఆంక్షకూ అక్కడే చోటుంది. కానీ అది నిజంగా అవసరమని ఆ దేశమే నిరూపించుకోవాలి.

డబ్ల్యూటీఓలో కేసు వేయగలిగేది ప్రభుత్వాలే. కాబట్టి వాణిజ్య శాఖకు ఒక్క పేజీ ఇవ్వండి: బిల్లులోని క్లాజు, సీపీసీ కోడ్, షెడ్యూలు వరుస, నష్టపోయే కాంట్రాక్టు రకం. బిల్లు ఇంకా ముసాయిదాగా ఉండగానే ఇవ్వడం మేలు. చట్టమయ్యాక వివాదం ఏళ్ల తరబడి సాగుతుంది, కొనుగోలుదారు ఈలోపే వేరే సరఫరాదారుని చూసుకుంటాడు.