పాత్ర నిలబడట్లేదా? పుస్తకం కదలట్లేదా?: కథలు రాసేవాళ్లకు సమస్య – పరిష్కారం

నా మొదటి కథల సంపుటి సొంత డబ్బుతో అచ్చు వేయించాను. ఐదు వందల కాపీలు. ప్రెస్ నుంచి ఆటోలో తెచ్చిన కట్టలు చాలాకాలం మంచం కిందే ఉండిపోయాయి. ప్రచారం చేసుకోవడం చేతకాక ఇలా అయిందని బాధపడేదాన్ని. తర్వాత ఒకసారి ఆ పదకొండు కథలూ వరసగా చదివాను. వాటిలో "ఈ మనిషి గురించి చదవండి" అని ఎవరికైనా చెప్పుకోదగ్గ మనుషులు ఇద్దరే ఉన్నారు. నాకు ఫోన్ చేసిన ఆ కొద్దిమంది పాఠకులూ ఆ ఇద్దరి గురించే మాట్లాడారు. పాత్రను ఎలా రాయాలి, పుస్తకాన్ని ఎలా చెప్పుకోవాలి అన్నవి నాకు అప్పటి నుంచీ ఒకే ప్రశ్నగా కనిపిస్తున్నాయి. అందుకే ఇక్కడ రెండూ కలిపే రాస్తున్నాను.

సమస్య: పాత్రలన్నీ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయి

దీన్ని పట్టుకోవడం తేలిక. పేర్లు తీసేసి సంభాషణలు మాత్రమే ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. ఏ మాట ఎవరిదో వాళ్లు చెప్పలేకపోతే ఈ సమస్య ఉన్నట్టే.

కారణం: చాలామందిమి యాస మీద భారం వేసేస్తాం. తెలంగాణ మనిషికి నాలుగు చోట్ల "గట్లనా", శ్రీకాకుళం మనిషికి రెండు చోట్ల "ఏటి" పెట్టి పనైపోయిందనుకుంటాం. యాసతో ఊరు తెలుస్తుంది, మనిషి తెలియడు. ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ములది ఒకే యాస, అయినా ఇద్దరూ ఒకేలా మాట్లాడరు.

పరిష్కారం: ఒకే అవసరాన్ని అందరి నోటా అడిగించి చూడండి. నేనైతే అప్పు అడిగిస్తాను. ఐదు వేలు కావాలి. పెద్దవాడు ఫోన్ చేసి, "ఒరేయ్, శుక్రవారం దాకా ఓ ఐదు వేలు సర్దు" అంటాడు. చిన్నవాడు, "అన్నయ్యా, తిన్నావా? వదిన బాగుందా? ఏం లేదు, ఊరికే చేశా" అని పెట్టేస్తాడు. పావుగంట తర్వాత మళ్లీ చేస్తాడు, మళ్లీ అడగడు. వాళ్లమ్మ, "నీకు కుదిరితేనే నాన్నా, లేకపోతే నా గొలుసుందిగా" అంటుంది. ముగ్గురిదీ ఒకే ఊరు, ఒకే భాష. కానీ ఎవరు దేన్ని దాచుకుంటున్నారో మూడు వాక్యాల్లోనే బయటపడింది. పాత్ర ఏ మాట అనలేకపోతుందో ముందు మీకు తెలిస్తే, అనే మాటలు వాటంతట అవే కుదురుకుంటాయి.

సమస్య: ముఖ్యపాత్ర మంచిదే, కానీ ఎవరికీ గుర్తుండట్లేదు

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన కథల్లో ఎక్కువగా కనిపించేదీ, మనం ఒప్పుకోవడానికి కష్టపడేదీ ఇదే.

పల్లెవెలుగు బస్సులో పనిచేసే సరోజ అనే కండక్టర్ మీద ఒక కథ రాశాను. మొదటి ప్రతిలో సరోజకు ఓపిక ఎక్కువ. నిజాయతీపరురాలు. ముసలాయనకు సీటు ఇప్పిస్తుంది, కూతుర్ని కష్టపడి చదివించుకుంటుంది. భర్త లేడు, జీతం చాలదు. ఒక స్నేహితురాలికి చదవమని ఇస్తే, "పాపం, మంచి మనిషి" అని వేరే సంగతిలోకి వెళ్లిపోయింది. ఆ "పాపం" విన్నప్పుడే కథ పోయిందని నాకు అర్థమైంది.

కారణం: నేను సరోజకు కష్టాలు ఇచ్చాను కానీ తప్పు చేసే అవకాశం ఇవ్వలేదు. భర్త లేకపోవడం, జీతం చాలకపోవడం బయటి నుంచి వచ్చి మీద పడ్డవి. వాటిని ఓర్చుకోవడం తప్ప ఆమె చేయాల్సిందేమీ లేదు. ఓర్చుకునే మనిషిని చూసి జాలిపడతాం. ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన మనిషినైతే కళ్లప్పగించి చూస్తాం.

పరిష్కారం: పాత్ర చేసే పని దగ్గరికి వెళ్లండి. నేను నాలుగు రోజులు ఒకే ట్రిప్పు బస్సెక్కాను. కండక్టర్‌కు అసలైన టెన్షన్ చిల్లర దగ్గరే ఉంది. చిల్లర లేనప్పుడు ఇవ్వాల్సిన మొత్తం టికెట్ వెనక రాసి, "దిగేటప్పుడు తీసుకో" అంటారు. కొందరు మరిచిపోయి దిగిపోతారు. ఇక సంచిలో డబ్బు లెక్కకు తక్కువున్నా, ఎక్కువున్నా తనిఖీవాళ్లు అడుగుతారు. ఇదంతా నేను కల్పించలేను, ఆ బస్సులోనే దొరికింది.

తిరగరాసిన కథలో ఒక ముసలావిడ బియ్యం మూటతో దిగిపోతుంది. ఆమెకు ముప్పై ఎనిమిది రూపాయలు రావాలి. సరోజకు ఆ సంగతి గుర్తుంది. బస్సు నిండా జనం, అప్పటికే ఆలస్యమైంది. పిలవాలని నోరు తెరిచి, "రైట్ రైట్" అంటుంది. ఆ రాత్రి కూతురు పక్కన పడుకుని ఆ ముప్పై ఎనిమిదే లెక్కపెట్టుకుంటుంది. మూడో రోజు ముసలావిడ మళ్లీ బస్సెక్కి, "మొన్న టికెట్టు పారేసుకున్నానమ్మా, నాకు చిల్లర రావాలి" అంటుంది. సరోజ అడుగుతుంది: "ఎంత?"

ఎంతో ఆమెకు తెలుసు. తెలిసీ అడిగిన ఆ ఒక్క మాటతో నాకు సరోజ దొరికింది. మొదటి ప్రతిలోని మంచితనం ఎక్కడికీ పోలేదు, దానికి ఇప్పుడు ఒక వెల వచ్చింది.

మీ పాత్రనూ ఇలాగే అడగండి: డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పనిలో ఎవరూ చూడకుండా తప్పు చేయడానికి వీలున్న చోటు ఏది? అలా చేసిన రాత్రి తనకు తాను ఏం చెప్పుకుంటుంది? ఈ మూడింటికీ జవాబు లేకుండా పుట్టుమచ్చలు, ఇష్టమైన రంగులు, రాశి, నక్షత్రం రాసుకుంటూ పోయి లాభం లేదు.

సమస్య: ఆన్‌లైన్‌లో సీరియల్ రాస్తుంటే పాత్ర ఎపిసోడ్‌కో తీరుగా మారిపోతోంది

కారణం: కామెంట్లు. "అతను అలా చేయడండీ, ప్లీజ్" అని పది మంది రాస్తే మన చెయ్యి ఆగిపోతుంది. ఆ పాఠకుల ప్రేమ నిజమైనదే. కానీ వాళ్లు ప్రేమించింది మొదటి ఎపిసోడ్‌లో చూసిన మనిషిని. అతన్ని మార్చేయమని అడుగుతున్నామని వాళ్లకూ తెలియదు.

పరిష్కారం: కనీసం ఐదు ఎపిసోడ్లు ముందే రాసి దగ్గర పెట్టుకుని మొదటిది పెట్టండి. పాత్రకో నోట్‌బుక్ పేజీ ఉంచండి. వయసు, చదువు, ఎవర్ని ఏమని పిలుస్తాడు, ఎప్పుడు "నువ్వు", ఎప్పుడు "మీరు" అంటాడు, ఇవన్నీ అందులో ఉండాలి. వరసలు తప్పితే తెలుగు పాఠకులు వెంటనే పట్టేస్తారు. మూడో ఎపిసోడ్‌లో "బాబాయ్" అన్నవాణ్ని పదో ఎపిసోడ్‌లో "మావయ్య" అంటే కథ మొత్తం మీద నమ్మకం పోతుంది. కామెంట్లు చదవండి, జవాబివ్వండి, కానీ చదివిన రోజు మాత్రం కథ ముట్టుకోకండి.

సమస్య: "ఇది మా అత్తయ్యేగా?" అని చుట్టాలు ఫోన్ చేస్తున్నారు

కారణం: ఒకే మనిషిని ఉన్నదున్నట్టు దించేశారు. నాకూ ఇలా జరిగింది. ఒక పెళ్లిలో దగ్గరి బంధువు నాతో మాట్లాడకుండా పక్కనుంచి వెళ్లిపోయింది. ఆ నొప్పి ఇప్పటికీ ఉంది.

పరిష్కారం: ఒకరి చేతులు, ఇంకొకరి మాట, మూడో మనిషి రహస్యం కలపండి. వాటికి తోడు మీలోంచి ఒక బలహీనత తీసి పెట్టండి. ఆ చివరిది మరిచిపోకండి. అది లేకుండా రాసిన పాత్ర ఎవరి మీదో కక్ష తీర్చుకున్నట్టు ఉంటుంది.

సమస్య: పోస్టుకు లైకులు వస్తున్నాయి, పుస్తకం కదలట్లేదు

"నా తొలి సంపుటి వచ్చింది, ఆశీర్వదించండి" అని అట్ట ఫొటోతో పెడితే అభినందనలు వస్తాయి. ఆశీర్వదించమని అడిగారు, వాళ్లు ఆశీర్వదించారు. చదవమని అడగనే లేదు.

కారణం: ఆ పోస్టులో ఉన్నది రచయిత. పుస్తకంలోని మనుషులెవరూ అందులో లేరు.

పరిష్కారం: ఒక పాత్ర ఇరుక్కున్న క్షణాన్ని నూటయాభై మాటల్లోపు పెట్టండి. పూర్తవకుండా ఆపండి. సరోజ "ఎంత?" అన్న చోట ఆపి, కింద పుస్తకం పేరు, ధర, తెప్పించుకునే నంబరు పెట్టాను. అభినందనల పోస్టు కంటే లైకులు తగ్గాయి. కానీ "తర్వాత ఏమైంది?" అని అడిగినవాళ్లు పుస్తకం తెప్పించుకున్నారు. నలుగురు పాత్రలుంటే నాలుగు వారాలకు సరిపడా సరుకు మీ దగ్గర ఉన్నట్టే.

ఇంకో రెండు చిన్న చిక్కులు. పుస్తకాన్ని కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టే డీటీపీ వాళ్లు "అను" అనే ఫాంట్లలో కొట్టిన మేటర్ కాపీ చేసి ఫేస్‌బుక్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి, అది యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో తెలుగు సరిగ్గా కనిపించే పద్ధతి) కాదు కాబట్టి. అచ్చుకు ఇచ్చే ముందే యూనికోడ్ ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఇక వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని చేర్చొచ్చు కానీ, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ అందుతుంది. ఎవరూ స్పందించట్లేదని దిగులుపడే ముందు అది చూసుకోండి.

సమస్య: ఇంటర్వ్యూల్లో, పోస్టుల్లో పాత్ర గురించి మీరే అంతా చెప్పేస్తున్నారు

కారణం: పాఠకుడికి అర్థం కాదేమోనన్న భయం. "సరోజ శ్రామిక మహిళల ఆత్మగౌరవానికి ప్రతీక" అని ఒక సభలో నేనే అన్నాను. అన్న మరుక్షణం సరోజ కొయ్యబొమ్మ అయిపోయినట్టు అనిపించింది.

పరిష్కారం: పాత్ర అర్థం గురించి అడిగితే, ఆ పాత్ర ఎలా దొరికిందో చెప్పండి. బస్సులో తిరిగిన నాలుగు రోజుల గురించి, టికెట్ వెనక రాత గురించి చెప్పండి.

సమస్య: ఆవిష్కరణ తేదీ ముందే పెట్టేశాం, కథలు పండలేదు

హాలు బుక్ అయింది, అతిథులు ఒప్పుకున్నారు, ఇంకా రెండు కథలు పచ్చిగా ఉన్నాయి. కారణం చెప్పనక్కర్లేదు. ఆ రెండు కథలూ తీసేయండి. సంపుటిలో తొమ్మిది కథలుంటే ఏమీ కాదు. గురజాడ కన్యాశుల్కం తొలి కూర్పు 1897లో వచ్చింది. మనం ఇవాళ చదువుతున్నది ఆయన బాగా పెంచి, తిరగరాసి 1909లో తెచ్చిన మలికూర్పు. అంత పేరొచ్చిన నాటకాన్నే అచ్చయ్యాక మళ్లీ విప్పి రాసుకున్నారు. మనం ఒక కథను ఇంకో ఆరు నెలలు ఆపుకోవచ్చు.

సభ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మాట్లాడేవాళ్లకు పుస్తకం కనీసం మూడు వారాల ముందు అందాలి. లేకపోతే మీ గురించి మాట్లాడతారు, పుస్తకం గురించి కాదు. శాలువాలకు పెట్టే సమయంలో సగం తీసుకుని, బాగా చదివే ఒకరి చేత రెండు పేజీలు పైకి చదివించండి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, దానికి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ఒక కాపీ శ్రీకాకుళం కథానిలయానికి పంపండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన ఆ చోట తెలుగు కథలన్నీ ఒక గూటికి చేరుతున్నాయి. మీ సరోజ కూడా అక్కడ ఉండాలి.

సమస్య: పుస్తక ప్రదర్శనలో జనం వస్తున్నారు, చూసి వెళ్లిపోతున్నారు

కారణం: వాళ్లు పుస్తకం చేతిలోకి తీసుకోగానే మనం మాట్లాడటం మొదలుపెడతాం.

పరిష్కారం: మాట్లాడకండి. చదవనివ్వండి. స్టాల్లో నిలబడ్డ పాఠకులు ముందుమాట చదవరు, మధ్యలో ఎక్కడో తెరుస్తారు. అందుకే మీకు బాగా నమ్మకమున్న పేజీలో బుక్‌మార్క్ పెట్టిన కాపీ ఒకటి పైన ఉంచండి. నేను సరోజ పేజీలో పెట్టాను.

విజయవాడలో ఒక సాయంత్రం ఒకామె ఆ పేజీ నిలబడే చదివింది. రెండు పేజీలు వెనక్కి తిప్పి మళ్లీ చదివింది. "మీ ఇంట్లో ఎవరైనా కండక్టర్ చేశారాండీ?" అని అడిగింది. లేరన్నాను. "మా అమ్మ చేసింది. దిగిపోయినవాళ్ల చిల్లర ఇంటికి తెచ్చి పాత పౌడరు డబ్బాలో వేసేది. అది నిండితే గుళ్లో హుండీలో వేసి వచ్చేది. మాకు కొనుక్కోవడానికి రూపాయి లేకపోయినా ఆ డబ్బా ముట్టుకోనిచ్చేది కాదు" అంది. రెండు కాపీలు తీసుకుంది, ఒకటి వాళ్లమ్మకట.

ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో సరోజ పేజీ తీసి, కింద మిగిలిన ఖాళీలో "పౌడరు డబ్బా" అని రాసుకున్నాను.