పొగాకు డబ్బు పడేలోపు వేలిముద్రకు తాళం

టంగుటూరు, కొండపి, కలిగిరి, డీసీపల్లి... బేళ్లు ఏ వేలం కేంద్రంలో అమ్మినా డబ్బు రైతు ఖాతాలోకే వస్తుంది. ఆ ఖాతాకి ఆధార్ లింకై ఉంటే ఫోన్ ముట్టుకోనక్కర్లేదు, ఓటీపీ కూడా రాదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర, ఈ మూడింటితో ఏ మైక్రో ఏటీఎం (బ్యాంకు ఏజెంటు చేతిలో ఉండే చిన్న మిషన్) దగ్గరైనా డబ్బు తీయొచ్చు. దీన్ని ఏఈపీఎస్, అంటే ఆధార్‌తో నడిచే చెల్లింపుల పద్ధతి అంటారు. బ్యాంకు లేని ఊళ్లకు ఇది మంచి సదుపాయమే. చిక్కల్లా పాత భూమి కాగితాలతో వస్తుంది. వాటిమీద వేలిముద్రా ఆధార్ నంబరూ రెండూ ఉంటే, కాపీ దొరికినవాడు ముద్రను రబ్బరు మీదకి దించి మిషన్ మీద పెట్టేస్తాడు. పిన్ పోతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం కదా.

అందుకని ముందు బయోమెట్రిక్ లాక్ వేయండి. ఆధార్‌కి ఇచ్చిన సిమ్ దగ్గరుండాలి. ఆ నంబరు ఎప్పుడో పోయి ఉంటే ఆధార్ కేంద్రంలో కొత్తది ఎక్కించుకోండి. మై ఆధార్ సైట్‌లో ఓటీపీతో లాగినై ‘లాక్ / అన్‌లాక్ బయోమెట్రిక్స్’లోకి వెళ్లి, టిక్ పెట్టి, నెక్స్ట్ నొక్కితే అయిపోతుంది. దాని పక్కనే ‘లాక్ ఆధార్’ అని ఇంకొకటి కనిపిస్తుంది. అది వేరు. దాన్ని లాక్ చేస్తే ఆధార్ నంబరు పనిచేయదు, 16 అంకెల వర్చువల్ ఐడీ ఇవ్వాల్సి వస్తుంది. మనకు కావాల్సింది మొదటిదే.

లాక్ పడితే వేలు, కనుపాప, ముఖం మూడూ పనిచేయవు. ఓటీపీ మాత్రం మామూలుగానే వస్తుంది. రేషన్ షాపులో వేలు పెడితే 330 ఎర్రర్ వచ్చిందంటే మిషన్ చెడిపోలేదు, మీ లాక్ పనిచేస్తోందన్నమాట. తాత్కాలికంగా అన్‌లాక్ చేస్తే 10 నిమిషాల్లో మళ్లీ దానంతటదే లాక్ పడిపోతుంది. కాబట్టి లైన్లో మీ ముందు ఒకరిద్దరు ఉన్నప్పుడు తీయండి, ఇంటి దగ్గర కాదు. ఒకటో తేదీన పింఛను తీసుకునే పెద్దవాళ్లకు కూడా ఇది ముందే చెప్పి ఉంచాలి. లేకపోతే సచివాలయం అబ్బాయి వేలు పడలేదని వెనక్కెళ్తాడు.

ఇక జిరాక్స్ షాపు. వాట్సాప్‌లో పంపిన ఆధార్ పీడీఎఫ్ ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతుంది. ప్రింట్ వచ్చాక ఎదురుగా నిలబడి డిలీట్ చేయించండి, రీసైకిల్ బిన్‌లో నుంచి కూడా. మొహమాటపడితే కుదరదు. మామూలు పనులకు మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి 4 అంకెలే కనబడతాయి. డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘మాస్క్డ్’ దగ్గర టిక్ పెట్టాలి. ఫైలు పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, వాటికి ఆనించి పుట్టిన సంవత్సరం. పూర్తి నంబరు ఇవ్వక తప్పకపోతే కాపీకి అడ్డంగా తేదీ, ఎందుకిస్తున్నారో రాసేయండి.

వాట్సాప్ గ్రూపుల్లో ‘పీఎం కిసాన్’, ‘చలానా’, ‘పెళ్లి పత్రిక’ పేర్లతో వచ్చే ఫైలు పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటే అది పత్రిక కాదు, యాప్. వేసుకోగానే ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చారా, మీ ఓటీపీలు అవతలివాడికి వెళ్తుంటాయి. పంపింది బావమరిదే అయినా నమ్మొద్దు, అతని ఫోన్ ముందే మోసగాళ్ల చేతికి చిక్కి ఉండొచ్చు. ఫోన్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ కింద వాట్సాప్, క్రోమ్ రెండింటికీ ఆపేయండి. ఇప్పటికే వేసుకున్నట్టయితే ఫ్లైట్ మోడ్ పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా ఆపించండి. యాప్ తీయడం ఆ తర్వాత. చాలామంది ముందు యాప్ తీసేసి ఊరుకుంటారు, ఈలోపు డబ్బు వెళ్లిపోతుంది.

యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, రావడానికి అక్కర్లేదు. టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసి, మీవి కానివాటికి ‘నాట్ మై నంబర్’ కొట్టండి.

డబ్బు పోతే స్టేషన్‌కి బస్సెక్కకముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఖాతా నంబరు, మొత్తం, సమయం, మెసేజ్‌లోని 12 అంకెల లావాదేవీ నంబరు అడుగుతారు, కాగితం మీద రాసిపెట్టుకోండి. డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపగలిగితేనే ఫలితం. బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోండి. మీ తప్పు లేని మోసమైతే 3 పనిదినాల్లోపు తెలిపినవారికి నష్టం ఉండకూడదని 2017లో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. ఆ రశీదు మీద తేదీ ముద్ర పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.