జర్మనీ వెళ్తున్న మన ముస్లిం పిల్లలు అక్కడ కుదురుకోవడం ఎలా

గుంటూరు బ్రాడీపేటలో ఏ కన్సల్టెన్సీకి వెళ్లినా మన చదువు కాగితాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ గురించి, బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చుకని ముందే వేయాల్సిన 11,904 యూరోల గురించి గంటసేపు చెప్తారు. విమానం దిగాక ఎలా బతకాలో మాత్రం చెప్పరు. పేరు షేక్, సయ్యద్, పఠాన్‌లలో ఏదో ఒకటైతే ఇంట్లోవాళ్ల టెన్షన్ ఇంకో రకం. అక్కడ మనవాళ్లంటే పడదట, బురఖా వేస్తే పోలీసులు పట్టుకుంటారట, హలాల్ దొరకదట. ఈ 'అట'లన్నీ వాట్సాప్‌లో కలగాపులగమై గుంటూరు లాలాపేట నుంచి బెజవాడ వించిపేట దాకా తిరుగుతున్నాయి. అందుకే ఇది రాస్తున్నా, ఎక్కువగా జర్మనీ గురించే, ఈమధ్య మనోళ్లు అక్కడికే క్యూ కడుతున్నారు కాబట్టి.

ముందు ఒక సంగతి. యూరప్‌లో ఏ దేశం రూలు ఆ దేశానిదే, జర్మనీలో అయితే కొన్ని రూల్స్ రాష్ట్రానికో రకం. తలకి స్కార్ఫ్ సంగతే చూడండి. ఫ్రాన్స్‌లో 2004 చట్టం ప్రకారం ప్రభుత్వ స్కూళ్లలో పిల్లలు కట్టుకోకూడదు, యూనివర్సిటీలో చదివే అమ్మాయికి ఆ చట్టం వర్తించదు. ముఖం మొత్తం కప్పుకుని రోడ్డు మీదికి రావడం మాత్రం అక్కడ 2011 నుంచి నిషేధం, 150 యూరోల దాకా ఫైన్. జర్మనీలో యూనివర్సిటీకి స్కార్ఫ్‌తో వెళ్లే అమ్మాయిని ఆపే చట్టం లేదు, గొడవంతా టీచర్లు, జడ్జీల లాంటి ప్రభుత్వ ఉద్యోగాల దగ్గరే. టీచర్లందరికీ గంపగుత్తగా నిషేధం పెట్టడం కుదరదని రాజ్యాంగ కోర్టు 2015లో చెప్పింది. డెన్మార్క్‌లో పౌరసత్వం తీసుకునే రోజున అధికారితో చెయ్యి కలపాలి. స్విట్జర్లాండ్‌లో 2009లో ఓటింగ్ పెట్టి కొత్త మినార్లు కట్టొద్దన్నారు. కాబట్టి ఫార్వర్డ్ వచ్చినప్పుడు ఏ దేశం, ఏ చోట, ఎవరికి అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు లేకపోతే అమ్మీకి చూపించకుండా డిలీట్ చేసేయండి.

ఇప్పుడు అసలు విషయం. జర్మనీలో ముస్లింల సంఖ్య పెరిగింది ఎవరో దండెత్తి వచ్చి కాదు, వాళ్లే పిలిచారు. ఫ్యాక్టరీల్లో పనివాళ్లు చాలక 1961 అక్టోబర్ 30న టర్కీతో ఒప్పందం రాసుకున్నారు. రెండేళ్లు పనిచేసి వెళ్లిపోతారని లెక్క. వచ్చినవాళ్లూ అదే అనుకున్నారు, నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊళ్లో ఇల్లు కట్టుకుందామని. పని నేర్చుకున్న వాళ్లని పంపించేసి మళ్లీ కొత్తవాళ్లకి నేర్పడం యజమానులకి నచ్చలేదు. 1973లో చమురు సంక్షోభం వచ్చి కొత్తవాళ్లని పిలవడం ఆపేసరికి, ఇప్పుడు వెళ్తే మళ్లీ రానివ్వరని ఉన్నవాళ్లు పెళ్లాం పిల్లల్ని తెచ్చుకున్నారు. ఎలాగూ పోయేవాళ్లే కదా అని ప్రభుత్వం భాష నేర్పలేదు, ఎలాగూ పోతాం కదా అని వీళ్లూ నేర్చుకోలేదు. దేశమంతటా ఇంటిగ్రేషన్ కోర్సు (ఇప్పుడైతే 600 క్లాసులు భాష, 100 క్లాసులు చట్టం, చరిత్ర) మొదలైంది 2005లో! అప్పటికి మనవలు పుట్టేశారు. వాళ్లు కలవరని, వేరే పేటలు కట్టుకున్నారని ఇవాళ వినే ఫిర్యాదులో సగం ఈ నిర్లక్ష్యంలోంచి పుట్టిందేనని నా అభిప్రాయం.

ఇదంతా ఎందుకంటే, మన పిల్లలు అచ్చం అదే చేస్తున్నారు. ఇంగ్లిష్ మీడియం మాస్టర్స్, ఫ్లాట్‌లో నలుగురూ తెలుగోళ్లే, పార్ట్‌టైమ్‌లో తెలుగోళ్లే, శనివారం బిర్యానీకి తెలుగోళ్లే. అడిగితే రెండేళ్లు చేసి వచ్చేస్తాం కదన్నా అంటారు. ఎవరూ రారు. కాబట్టి రాబోమనే అనుకుని మొదలుపెట్టండి. జర్మన్ భాషలో మొదటి మెట్టు ఏ1 ఇక్కడే, వీసా కోసం ఎదురుచూసే నెలల్లో, హైదరాబాద్ గోథే జెంట్రమ్‌లోనో ఆన్‌లైన్‌లోనో పూర్తి చేయండి. మూడో మెట్టు బీ1 అక్కడ మొదటి ఏడాదిలో. లాభం కావాలా, బ్లూ కార్డ్ (డిగ్రీ ఉన్న ఉద్యోగులకిచ్చే పర్మిట్) మీద పనిచేసేవాళ్లకి బీ1 ఉంటే 21 నెలలకే పర్మనెంట్ రెసిడెన్సీ, ఏ1తో సరిపెట్టుకుంటే 27 నెలలు. ఫ్లాట్‌మేట్స్‌లో ఒక్కరైనా తెలుగు రానివాళ్లు ఉండేలా చూసుకోండి.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు టౌన్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి, ఓనర్ సంతకం చేసిన కాగితం తప్పనిసరి. అది లేకుండా రూమ్ ఇస్తానన్నవాడి జోలికి పోవద్దు. అక్కడి ఫారంలో మతం గడి చూసి కంగారు పడకండి. అది చర్చి పన్ను కోసం, కేథలిక్ లేదా ప్రొటెస్టెంట్ అని రాస్తే ఆదాయపు పన్ను మీద ఇంకో 8 లేదా 9 శాతం కోస్తారు. ముస్లింలకి అలాంటి పన్ను లేదు. (గుంటూరు లూథరన్ మిత్రులూ, ఇది మీకు పనికొచ్చే ముక్క. 1842లో మన ఊరొచ్చిన లూథరన్ మిషనరీ హెయర్ దొర పుట్టింది జర్మనీలోనే, అయినా డిస్కౌంట్ ఇవ్వరు.)

పక్కింటివాళ్లతో సఖ్యత మతం దగ్గర చెడదు, చెత్త దగ్గర చెడుతుంది. అపార్ట్‌మెంట్ కింద డబ్బాలు వరసగా ఉంటాయి, పసుపుది ప్లాస్టిక్ ప్యాకింగ్‌కి, నీలంది కాగితానికి, గోధుమరంగుది కూరగాయ తొక్కలకి, నల్లది మిగతా వాటికి. పచ్చడి సీసా వీటిలో దేంట్లోనూ వేయకూడదు, కడిగి వీధి చివర గాజు డబ్బాలో వేయాలి, అదీ ఆదివారం కాదు, చప్పుడవుతుందని. గోంగూర ప్యాకెట్ కాగితం డబ్బాలో పడిందంటే మూడో అంతస్తు పెద్దావిడ దాన్ని పట్టుకుని మీ తలుపు కొడుతుంది, పైన తెలుగులో ఉంది కదా, ఎవరిదో కనుక్కోవడం ఎంతసేపు. దబాయించకుండా ఏది ఎందులో వేయాలో ఆవిడనే అడగండి, ఓపిగ్గా చెప్తుంది, ఆ తర్వాత మెట్ల మీద పలకరిస్తుంది కూడా. రాత్రి 10 దాటాక గొంతు తగ్గించండి. ఎండుమిర్చి తిరగమోత వేసేటప్పుడు కిటికీ తెరిచి వంటింటి తలుపు మూయండి, గుంటూరు మిర్చికి వాళ్లు దగ్గి చస్తారు.

హలాల్ గురించి ఇంట్లోవాళ్లు పడే భయంలో పస లేదు. ఓ మోస్తరు ఊళ్లో కూడా టర్కీ వాళ్ల కొట్టు ఉంటుంది, మాంసం, పెరుగు, కొత్తిమీర అన్నీ అక్కడే. జాగ్రత్త పడాల్సింది సూపర్‌మార్కెట్‌లో. అక్కడి జెల్లీ మిఠాయిల్లో చాలావాటికి పంది జెలటిన్ వాడతారు, 'ష్వైన్' అన్న ముక్క కనపడితే పెట్టేయండి.

మసీదుల్లో చాలావరకు టర్కీ వాళ్లవే, పాత ఫ్యాక్టరీ షెడ్లలో, ఇళ్ల వెనక వాకిళ్లలో మొదలైనవి. ఖుత్బా (శుక్రవారం ప్రసంగం) టర్కిష్‌లో ఉంటుంది, ఉర్దూ వచ్చినా లాభం లేదు. నూర్‌బాషా పిల్లలకి ఇంట్లోనూ తెలుగే కాబట్టి వాళ్లకి కొత్తగా పోయేదేమీ లేదనుకోండి. పండగ తేదీ టర్కీ మసీదుల్లో లెక్క కట్టి ముందే చెప్పేస్తారు, నెలవంక కోసం చూసే మసీదుల్లో ఒక రోజు తేడా రావచ్చు. ఈద్‌కి ప్రభుత్వ సెలవు లేదు, లీవు ముందే పెట్టుకోండి. రంజాన్ ఇప్పుడు చలికాలంలో వస్తోంది, పగలు చిన్నది కాబట్టి మీ అదృష్టం. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర్లో ఇంకోసారి వస్తుంది. జూన్‌లో పడ్డ ఏళ్లలో బెర్లిన్‌లో దాదాపు 17 గంటల పగలు, వాళ్లని అడగండి ఎలా గడిచిందో. 1997 నుంచి ఏటా అక్టోబర్ 3న మసీదుల తలుపులు అందరికీ తెరుస్తారు. క్లాస్‌మేట్స్‌ని, మన హిందూ మిత్రులతో సహా, ఆ రోజు తీసుకెళ్లండి. గుంటూరు మస్తాన్ వలీ దర్గాకి అందరం కలిసి వెళ్లేవాళ్లమే కదా.

ఇక చేదు సంగతి. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో వలసల్ని గట్టిగా వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 20.8 శాతం ఓట్లు వచ్చాయి. ఓటేసినవాళ్లంతా మిమ్మల్ని ద్వేషిస్తున్నారనుకోవద్దు. ఇస్లాం పేరు చెప్పుకున్న తీవ్రవాదులు చేసిన 2016 బెర్లిన్ క్రిస్మస్ మార్కెట్, 2024 జోలింగెన్ దాడులు వాళ్ల మనసులో ఉన్నాయి. 2020లో హానావ్‌లో వలస కుటుంబాలవాళ్లు తొమ్మిది మందిని ఒక జాత్యహంకారి కాల్చి చంపడం ఇటువైపు వలస వచ్చినవాళ్ల మనసుల్లో ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే దాన్ని ప్రశ్నగానే తీసుకుని మీకు తెలిసింది చెప్పండి, మొత్తం ముస్లిం ప్రపంచానికి వకాల్తా పుచ్చుకోవాల్సిన పనిలేదు.

ఉద్యోగాల దగ్గర మాత్రం వివక్ష ఉంది, కళ్లు మూసుకుంటే లాభం లేదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకే అర్హతలతో దరఖాస్తులు పంపితే జర్మన్ పేరుకి 18.8 శాతం కంపెనీలు ఇంటర్వ్యూకి పిలిచాయి, టర్కీ పేరుకి 13.5, అదే పేరుతో స్కార్ఫ్ ఫొటో పెడితే 4.2. చట్టం ప్రకారం సీవీకి ఫొటో అక్కర్లేదు, పెట్టకండి. దరఖాస్తులు ఎక్కువ పంపండి, ప్రొఫెసర్ సిఫారసు ఉంటే వాడుకోండి. మతం వల్లే ఉద్యోగం ఇవ్వలేదని తేలితే 2006 సమాన హక్కుల చట్టం కింద పరిహారం అడగవచ్చు, కానీ రెండు నెలల్లోపు రాతపూర్వకంగా అడగాలి. ఈ గడువు తెలియకే చాలామంది ఊరుకుంటారు. వచ్చిన ఈమెయిల్ ప్రతిదీ దాచుకోండి.

అక్కడే ఉండిపోవాలనుకుంటే ఐదేళ్లకి పౌరసత్వం అడగవచ్చు, బీ1 భాష, సొంత సంపాదన, 33 ప్రశ్నల పరీక్షలో 17 కరెక్ట్ ఉండాలి. 2024 జూన్ నుంచి జర్మనీ పాత పాస్‌పోర్ట్ వదులుకోమని అడగడం లేదు, కానీ రెండు పాస్‌పోర్టులు మన దేశం ఒప్పుకోదు, విదేశీ పౌరులైపోయిన మనోళ్లకిచ్చే ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి. ఓసీఐ వాళ్లే కాదు, భారత పాస్‌పోర్ట్‌తో విదేశంలో ఉంటున్న ఎన్నారైలు కూడా ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు, వారసత్వంగా వస్తే పర్లేదు. తెనాలి వైపు ఎకరం మీద కన్నేసి ఉంటే జర్మనీ విమానం ఎక్కకముందే ఆ రిజిస్ట్రేషన్ కానిచ్చేయండి.