చేత్తో కుట్టిన బొంతలు ఎవరికి ఇవ్వాలి, ఎలా అడిగి ఇవ్వాలి

విజయవాడలో మా వీధి ఆడవాళ్ళం మధ్యాహ్నం పనులయ్యాక కూర్చుని బొంతలు కుడతాం. ఎవరిళ్ళకి కావలసినవి వాళ్ళకి అయిపోయాక, మిగతావన్నీ అవసరం ఉన్నచోటికి పంపిస్తాం. "మా అమ్మ చీరలు బోలెడున్నాయి, బొంతలు కుట్టి ఇద్దామనుంది, ఎవరు తీసుకుంటారు?" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళందరికీ ముందు చెప్పే మాట ఒకటే. బొంత కుట్టి చోటు వెతక్కండి. చోటు చూసుకుని, అక్కడివాళ్ళని అడిగి, అప్పుడు చీర మడత పెట్టండి. తీసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, కానీ ఒక్కొక్కరికి కావలసిన బొంత ఒక్కో రకం.

నా మనసుకి అన్నిటికన్నా దగ్గరైనవి గిరిజన సంక్షేమ ఆశ్రమ పాఠశాలలు. డిసెంబరు, జనవరిల్లో లంబసింగి, పాడేరు వైపు చలి ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. తెలంగాణలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాలదీ అదే పరిస్థితి. పిల్లలకి ప్రభుత్వం దుప్పట్లు ఇస్తుంది, కానీ అవి ఎప్పుడొచ్చాయి, ఎన్ని చిరిగాయి అన్నది ఆ బడి హెడ్మాస్టరుకో వార్డెనుకో తెలుస్తుంది. బడికి నేరుగా మూటలు పట్టుకుని వెళ్ళకండి. పాడేరు, రంపచోడవరం, పార్వతీపురం, సీతంపేట, ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, వీటన్నిటిలో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులున్నాయి. ప్రాజెక్టు ఆఫీసరు పేరున ఒక ఉత్తరం రాసి, ఏ బడికి ఇవ్వమంటారో వాళ్ళనే అడగండి. అనుమతి కాగితం చేతిలో ఉంటే బడిలో మనతో మాట్లాడటానికి ఎవరూ జంకరు.

ఒక వార్డెనుగారు ఫోనులో నన్ను మొదట అడిగిన ప్రశ్న, "ఉతికితే ఎండటానికి ఎంతసేపు పడుతుందమ్మా?" అని. వెచ్చగా ఉంటుందా, రంగు పోతుందా అని కాదు. ఆ కొండల్లో చలికాలం పొద్దెక్కినా మంచు విడవదు, ఎండ కాసే నాలుగు గంటల్లో బొంత ఆరాలి. ఆరకపోతే ముక్కిన వాసన, ఆపైన పిల్లలకి ఒంటిమీద దురదలు. అందుకే పొరల లెక్క ముఖ్యం. ఐదున్నర మీటర్ల చీరని మూడు మడతలు పెడితే సరిగ్గా ఆరడుగుల పొడవొస్తుంది, వెడల్పు దాదాపు మూడుముప్పావు అడుగులు. హాస్టలు మంచానికి ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు. ఒక చీరకి మూడు పొరలు, రెండు చీరలకి ఆరు. ఆరు దాటితే తడిసినప్పుడు పన్నెండేళ్ళ పిల్ల దాన్ని పిండలేదు. మన ఇళ్ళల్లో పరుపుకి బదులు వేసుకునే మందపాటి బొంతలు ఈ చోటికి పనికిరావు, అవి ఎంత కష్టపడి కుట్టినవైనా సరే.

ఇంకో సంగతి. నలభై మంది పిల్లలున్న గదికి ఏడు బొంతలు ఇస్తే అవి ఎవరికి ఇవ్వాలో తేల్చుకోలేక వార్డెను తల పట్టుకోవాలి. గదిలో ఎన్ని మంచాలో కనుక్కుని, అన్నిటికీ సరిపడా కుట్టగలిగితేనే మాట ఇవ్వండి. లేదంటే జ్వరమొచ్చిన పిల్లల్ని పడుకోబెట్టే గదికి ఇస్తామని చెప్పండి, అక్కడికి నాలుగైనా చాలు.

చీరలు నూలువే కావాలి. వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ ఏదైనా సరే, జరీ అంచు మాత్రం కత్తిరించేయండి, మెడ దగ్గర గీరుకుంటుంది. పాలియెస్టరు చీరలు ఎంత మెత్తగా ఉన్నా వద్దు. చలిమంట చుట్టూ పిల్లలు బొంత కప్పుకునే కూర్చుంటారు, నిప్పురవ్వ పడితే ఆ గుడ్డ కరిగి ఒంటికి అంటుకుంటుంది. గుండీలు, పూసలు, అద్దాలు ఏమీ వద్దు.

పట్టణాల్లో ఉన్నవాళ్ళు దగ్గర్లోనే ఇవ్వాలనుకుంటే నిరాశ్రయుల వసతి గృహాలు చూడండి. లక్ష జనాభాకి ఒకటి చొప్పున పట్టణాల్లో ఇలాంటివి పెట్టాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లోనూ చాలాచోట్ల వీటిని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) చూస్తుంది, రోజువారీ నడిపేది ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలు. మీ మునిసిపల్ ఆఫీసులో మెప్మా విభాగానికి వెళ్ళి ఊళ్ళో షెల్టరు ఎక్కడుందో అడగండి. ఇక్కడ తెలుసుకోవలసింది, బొంత షెల్టరులోనే ఉండిపోతుందా, మనిషితో పాటు వెళ్ళిపోతుందా అన్నది. వెళ్ళిపోయేదైతే సంచిలో పట్టేలా ఒక్క చీరతో కుట్టండి. పెద్దాసుపత్రుల ఆవరణల్లో పేషెంట్ల వెంట వచ్చి నేలమీద పడుకునేవాళ్ళకి కూడా ఇదే సైజు. గుంటూరు, విశాఖ, హైదరాబాదు, ఏ పెద్దాసుపత్రికి వెళ్ళినా వరండాల్లో వాళ్ళు కనిపిస్తారు. కింద పరుచుకోవడానికైనా, పైన కప్పుకోవడానికైనా వాళ్ళకి అదొక్కటే.

పుట్టిన పిల్లల వార్డులకి బొంతలు ఇస్తామని ఉత్సాహపడేవాళ్ళు చాలామంది. దయచేసి ఆగండి. ఏడాదిలోపు పిల్లలు పడుకునే చోట వదులుగా ఉండే బొంతలూ దిండ్లూ ఉండకూడదని పిల్లల డాక్టర్లు చెప్తారు, ముక్కుకి అడ్డం పడితే తీసుకోవడం వాళ్ళకి చేతకాదు. ఆ వార్డుకి ఇవ్వాలని ఉంటే నర్సమ్మని అడిగి, ఉతికి ఉతికి మెత్తబడ్డ చీర గుడ్డలు ఇవ్వండి.

వృద్ధాశ్రమాల్లోనూ, జబ్బు ముదిరినవాళ్ళకి నొప్పి తెలియకుండా చూసుకునే హాస్పీసుల్లోనూ కావలసింది చిన్న బొంత. హైదరాబాదులో స్పర్శ్ హాస్పీసు లాంటివి ఉన్నాయి, మీ ఊళ్ళో ఏవున్నాయో ప్రభుత్వాసుపత్రి పాలియేటివ్ విభాగంలో అడిగితే చెప్తారు. మంచం దిగలేని పెద్దవాళ్ళ పక్క రోజుకి రెండుమూడుసార్లు మార్చాలి. మాకు తెలిసిన ఆశ్రమంలో ఆయమ్మ ఒకావిడ పెద్ద బొంతని పక్కన పెట్టేసి, "ఇలాంటిది ఒకటి కాదమ్మా, సగం సైజువి నాలుగివ్వండి" అంది. చీరని రెండు ముక్కలు చేసి ఒక్కోదాన్ని మూడు మడతలు పెడితే నడుము కింద వేయడానికి సరిపోతుంది. కుట్లు చిన్నగా, దగ్గరగా పడాలి, ముడి ఎప్పుడూ పొరల లోపలికి పోవాలి. పుండుపడ్డ ఒంటికి దారం ముడి కూడా గుచ్చుకుంటుంది. ఇది కుట్టేవాళ్ళు తప్ప ఎవరూ గమనించరు, అందుకే మనమే చూసుకోవాలి.

వరదలప్పుడు తొందరపడొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మొదటివారం మా వీధిలో అందరూ బొంతలు ఇచ్చేద్దామన్నారు. అప్పుడు కావలసినవి మంచినీళ్ళు, అన్నం, పాలపొడి. నీళ్ళు తీశాక పరుపులన్నీ బురదతో రోడ్డుమీదికి వచ్చాయి చూడండి, బొంత అవసరం అప్పుడు మొదలైంది. ఇల్లు కడుక్కుని నేల ఆరాక పరుచుకోవడానికి ఏమీ లేదు వాళ్ళకి. ఆ సమయానికి దాతల మూటలు తగ్గిపోతాయి, మనం అప్పుడు వెళ్ళాలి.

ఎవరినీ కనుక్కునే వీలు లేనివాళ్ళకి గూంజ్ ఉంది. అంశు గుప్తా 1999లో ఢిల్లీలో మొదలుపెట్టిన సంస్థ, ఆయనకి 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. చలికాలానికి బట్టలు, దుప్పట్లు ప్రత్యేకంగా సేకరిస్తారు, మిగిలిన గుడ్డ ముక్కలతో వాళ్ళే సుజనీలు (పాతగుడ్డల బొంతలు) కూడా కుట్టిస్తారు. కుట్టే ఓపిక లేనివాళ్ళు ఉతికిన నూలు చీరలే ఇచ్చేయవచ్చు.

పిల్లల హోములకి ఇచ్చేముందు అది బాల న్యాయ చట్టం కింద రిజిస్టరైనదో కాదో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగండి. అక్కడ పిల్లలతో ఫొటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టకండి. వాళ్ళెవరో బయటపెట్టడాన్ని 2015 నాటి ఆ చట్టం 74వ సెక్షను నిషేధించింది. చట్టం లేకపోయినా పెట్టకూడదు.

అమెరికాలో ఉన్న మా వదినలాంటివాళ్ళకి ఒక మాట. అక్కడ పిల్లలకోసం 1995 నుంచి ప్రాజెక్ట్ లైనస్, సైనికులకోసం 2003 నుంచి క్విల్ట్స్ ఆఫ్ వేలర్ బొంతలు తీసుకుంటున్నాయి. ప్రాజెక్ట్ లైనస్‌కి కొత్త గుడ్డతో కుట్టినవే కావాలి, కాబట్టి అమ్మ చీరలు వాటికి వాడకండి, అవి మనవాళ్ళకే ఉంచండి.

మరీ చిరిగినవి, మరకలు పోనివి మనుషులకి ఇవ్వొద్దు. హైదరాబాదులో బ్లూ క్రాస్, విశాఖలో వీఎస్పీసీఏ లాంటి జంతు సంరక్షణ కేంద్రాల్లో గాయపడ్డ కుక్కల కింద పరుస్తారు, ఫోను చేసి అడిగి పట్టుకెళ్ళండి.

పంపేముందు ఉతికి, రెండు రోజులు ఎండలో ఆరనిచ్చి మూట కట్టండి. కలరా ఉండలు వేయకండి, ఆ వాసన ఆస్పత్రుల్లో పడదు, ఎండు వేపాకు చాలు. దూరమైతే ఆర్టీసీ కార్గోలో వేయండి, మూటమీద తీసుకునేవారి ఫోను నంబరు పెద్దక్షరాల్లో రాయండి. వస్తువులుగా ఇచ్చినదానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, రసీదు అడిగి ఇబ్బంది పెట్టకండి. ఫలానావారి జ్ఞాపకార్థం అని పేరు మాత్రం కుట్టొద్దు. కప్పుకునే పిల్ల దాన్ని తనదనుకోవాలి.

ఏజెన్సీ కొండల్లో బడులకి ఇవ్వాలంటే కార్తీకమాసం దాటకుండా చేర్చండి, కుట్టడం ఎండాకాలంలోనే మొదలుపెట్టాలి. ఉగాదికి ఒకసారి ఫోను చేసి ఏవి చిరిగాయో, ఎక్కడ కుట్టు ఊడిందో కనుక్కోండి. మాకు అంచుల దగ్గరే ఊడుతున్నాయని అలాగే తెలిసింది, ఇప్పుడు అంచుకి రెండు వరసలు వేస్తున్నాం.