ఎంసెట్ వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలి? వరుసే అసలు విషయం

ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష పేరు 2021 నుంచి ఈఏపీసెట్ అని మారినా మన ఇళ్లలో ఇప్పటికీ అది ఎంసెట్టే. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో కన్వీనర్ కోటా సీటు, అంటే కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీటు రావాలంటే ర్యాంకు ఒక్కటే చాలదు, వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచ్‌ల జాబితా ఆన్‌లైన్‌లో వరుసగా, సరిగ్గా పెట్టాలి. తిరుపతి, చిత్తూరు పిల్లలు మంచి ర్యాంకు తెచ్చుకుని కూడా ఏటా ఇక్కడే దెబ్బతింటున్నారు. రెండేళ్లు కష్టపడి చదివిన బిడ్డ, ఒక్క పూట తొందరపాటు వల్ల నాలుగేళ్లు ఇష్టం లేని కాలేజీకి వెళ్లడం చూస్తే బాధేస్తుంది.

ముందు కాగితాలు

టెన్త్, ఇంటర్ మార్కుల మెమోలు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్. ఈడబ్ల్యూఎస్ (అగ్రవర్ణ పేదల) సర్టిఫికెట్ అయితే ఈ ఏడాదిదే ఉండాలి. చిత్తూరు నుంచి తమిళనాడులోని వేలూరు వెళ్లి చదివిన పిల్లలు మరో కాగితం చూసుకోవాలి. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లవి, లోకల్ అవునా కాదా అన్నది చదివిన చోటును బట్టి తేలుతుంది. మిగిలిన 15 శాతానికైనా పోటీ పడాలంటే, అమ్మ గానీ నాన్న గానీ రాష్ట్రంలో పదేళ్లు నివాసం ఉన్నట్టు తహసీల్దార్ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దీనికి కౌన్సెలింగ్ మొదలయ్యాక తిరిగితే టైమ్ సరిపోదు.

ఫీజు, వెరిఫికేషన్

ప్రాసెసింగ్ ఫీజు కొన్నేళ్లుగా ఓసీ, బీసీలకు 1200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600. ఆన్‌లైన్‌లో కట్టేయండి. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో ఏదైనా చిక్కు వస్తే హెల్ప్‌లైన్ సెంటర్‌కు ఒరిజినల్స్‌తో వెళ్లండి. ఫోన్ నంబర్ మాత్రం మీ ఇంట్లో వాళ్లదే ఇవ్వాలి. నెట్ సెంటర్ వాళ్ల నంబర్ ఇస్తే ఓటీపీలు అక్కడికే పోతాయి, ఆ తర్వాత మీ సీటు మీ చేతిలో ఉండదు.

ఆప్షన్ల వరుస

ఇక్కడ నిదానించండి. ఎక్కువ మంది తల్లిదండ్రులు నన్ను అడిగే మాట ఒకటే: "సార్, గ్యారంటీగా వచ్చే కాలేజీ పైన పెడితే సేఫ్ కదా?"

కాదండీ. సీట్లు ఇచ్చేటప్పుడు కంప్యూటర్ ర్యాంకుల వారీగా వస్తుంది. మీ వంతు రాగానే మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. మొదటి ఆప్షన్‌లో మీ కేటగిరీకి సీటు ఉంటే అదే ఇచ్చి ఆగిపోతుంది. లేకపోతే రెండోది, ఆపై మూడోది చూస్తుంది. పైన మీకు రాని కాలేజీలు పది పెట్టినా పదకొండోదాని దగ్గర మీ ర్యాంకు బలం రవ్వంత కూడా తగ్గదు. అదే, తప్పకుండా వచ్చే కాలేజీని మొదట పెడితే అదే వస్తుంది. దాని కింద రాసిన ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) ఇంజనీరింగ్ కాలేజీని కంప్యూటర్ అసలు చూడదు.

కాబట్టి వరుస రాసేటప్పుడు మీ ఇష్టాన్నే చూడండి. ర్యాంకు లెక్క పనికొచ్చేది జాబితా ఎంత పొడుగు ఉండాలో తేల్చడానికే. గత ఏడాది ఏ కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు దక్కిందో చెప్పే చివరి ర్యాంకుల పట్టికలో మీ కేటగిరీ, అమ్మాయి అయితే అమ్మాయిల కాలమ్, మీ లోకల్ ఏరియా చూడండి. ఓసీ కాలమ్ చూసి బీసీ పిల్లలు దిగులుపడటం చాలాసార్లు చూశాను. చివరి సీటు మీ కంటే బాగా వెనకాల ర్యాంకుకు దక్కిన కాలేజీలు కూడా జాబితా చివర ఉండాలి. ఆప్షన్లు మరీ తక్కువ పెడితే ఏ సీటూ రాకపోవచ్చు.

జాబితాను లాంగ్ నోటుబుక్‌లో పెన్సిల్‌తో రాయాలి. ఫోన్‌లో కాదు, ర్యాంకు కొడితే ఏ కాలేజీ వస్తుందో చెప్పే వెబ్‌సైట్, అంటే కాలేజ్ ప్రిడిక్టర్ ఇచ్చిన లిస్టు అసలే వద్దు. ఆ లిస్టుకు మీ బిడ్డ రోజూ రేణిగుంట నుంచి బస్సెక్కాలని తెలియదు, హాస్టల్ ఖర్చు మీకు భారమనీ తెలియదు. అమ్మానాన్నలు బిడ్డతో కూర్చుని ఒక్కో గీత కొట్టి మార్చుకుంటూ పోతేనే మనసులోని మాట బయటికొస్తుంది. ముందు కాలేజీ, తర్వాత బ్రాంచ్. చాలామంది సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) ఒక్కటే పట్టుకుని, లెక్చరర్లు నిలవని కాలేజీకైనా పోతామంటారు. మంచి ల్యాబ్, మంచి లైబ్రరీ ఉన్న చోట ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చదవడమే మేలు. వీలైతే ఆప్షన్లకు ముందే ఆ కాలేజీలకు వెళ్లి, సీనియర్లతో మాట్లాడి రండి.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. శ్రీ వేంకటేశ్వర, పద్మావతి పేర్లతో కాలేజీలు ఎన్నో. యూనివర్సిటీ కాలేజీ అనుకుని అదే పేరున్న ప్రైవేటు కాలేజీని నొక్కేస్తారు. నోటుబుక్‌లో పేరు పక్కనే కాలేజీ కోడ్, బ్రాంచ్ కోడ్, ఫీజు రాసుకోండి. స్క్రీన్ మీద పేరు చదవకండి, కోడ్ చూసి నొక్కండి.

హాల్‌టికెట్ నంబర్, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. "మేమే ఆప్షన్లు పెట్టిస్తాం" అంటూ ఇంటికొచ్చే కాలేజీ పీఆర్వోలకు అస్సలు ఇవ్వొద్దు. వాళ్లు మొదటి ఆప్షన్‌గా ఏ కాలేజీ పెడతారో చెప్పక్కర్లేదు. ఒరిజినల్ టీసీ కూడా వాళ్ల చేతికి పోకూడదు.

ఎంట్రీ పొద్దున్నే, కంప్యూటర్‌లోనే చేయండి. ఒకరు కోడ్ చదవాలి, ఒకరు నొక్కాలి. సేవ్ చేశాక లాగౌట్ అయి, మళ్లీ లోపలికి వెళ్లి వరుస అలాగే ఉందో లేదో చూసి ప్రింట్ తీయండి. ఆప్షన్లు మార్చుకోవడానికి ఒక రోజు ఇస్తారు. ఆ రోజు పక్కింటి వాళ్ల మాట విని మొత్తం తిరగేయకండి, పొరపాట్లు మాత్రం సరిచేయండి.

అలాట్‌మెంట్ వచ్చాక

ఆర్డర్ డౌన్‌లోడ్ చేసి, ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, గడువు లోపల కాలేజీకి వెళ్లి రిపోర్ట్ చేయాలి. రెండింటిలో ఏది వదిలేసినా సీటు పోతుంది.

రెండో విడతకు వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. కొత్త సీటు వస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, మళ్లీ కావాలన్నా ఇవ్వరు. అందుకే రెండో విడత జాబితాలో చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా మేలైనవే ఉండాలి. అలాంటివి రెండే ఉంటే రెండే పెట్టండి. ఏవీ లేకపోతే ఆప్షన్లు పెట్టకుండా వచ్చిన సీటులోనే చేరిపోండి.